స్నానం చేసిన రాళ్లు

ఓడ సాయంత్రం నాలుగింటికి కదులుతుంది. ఇప్పుడు ఉదయం పదీ ఇరవై.

డిటెక్టివ్ తన చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది. ఎదురుగా కూర్చున్న అమ్మాయికి కూడా ముళ్లు కనిపించేలా కాస్త పక్కకు తిప్పింది. ఏడుపు ఆపుకోవాలంటే మనిషికి ఏదో ఒక పని ఉండాలి. టైము చూడటం కూడా పనే.

"నాకేమీ తెలియదనుకుని మొదటి నుంచీ చెప్పమ్మా," అంది.

అమ్మాయికి ఇరవయ్యారేళ్లు. మొక్కల శాస్త్రవేత్త. ఆరుగురు మనుషుల బృందంలో అందరికన్నా చిన్నది. మూడు రోజుల ఓడ ప్రయాణం చేస్తే వచ్చే ఒక దీవిలో ఆ ఆరుగురూ తొంభై రోజులు ఉండాలి. అక్కడ మనుషులు లేరు, రేవు లేదు, మంచినీళ్లు కూడా వాన పడితేనే. దింపిన ఓడ వెళ్లిపోతుంది, మళ్లీ తొంభయ్యో రోజున వస్తుంది. ఇవాళ బయల్దేరకపోతే సముద్రం ముదురుతుంది, ఇంక వచ్చే ఏడే.

తినే బిస్కెట్ నుంచి కుట్టు సూది దాకా ఆ తొంభై రోజులకు కావలసినవన్నీ ఎనభై నాలుగు పెట్టెల్లో సర్దింది ఆమె తండ్రి. ఆయన్ని అందరూ రెండేసి మాస్టారంటారు. దీవి ఒడ్డున అలలు జాస్తి. సామాన్లు దింపే చిన్న పడవ తిరగబడితే పెట్టె పోయినట్టే. అందుకని ఏ వస్తువైనా రెండు పెట్టెల్లో ఉండాలి, ఆ రెండు పెట్టెలూ ఒక పడవ ఎక్కకూడదు. బేసి నంబర్లు మొదటి పడవ, సరి నంబర్లు రెండో పడవ. రేడియోలు రెండు, పొయ్యిలు రెండు, కళ్లజోడున్న వాళ్లకు కళ్లజోళ్లు రెండు. ఆయన పెళ్లికి ఉంగరాలు కూడా రెండు జతలు చేయించాడని భార్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తుందట.

మాస్టారికి ఇంకో పిచ్చి ఉంది. శుభ్రం. ఆ దీవి నిండా నేల మీద గూడు కట్టే పక్షులు. బయటి నుంచి ఒక్క గడ్డి గింజ, ఒక్క చీమ గుడ్డు కూడా అక్కడికి చేరకూడదు. ప్రతి పెట్టెనూ బ్రష్షు పెట్టి రుద్ది, నలభై ఎనిమిది గంటలు మంచు గదిలో పెట్టి, నంబరున్న సీలు వేసి ఓడకు పంపుతాడు.

నిన్న మధ్యాహ్నం మూడూ ఇరవైకి ఆ మంచు గదిలోనే, తల వెనక దెబ్బతో, స్పృహ లేకుండా దొరికాడు. ఇంకా కళ్లు తెరవలేదు. కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. ప్రయాణం మాత్రం ఆగలేదు.

"నాన్న నిజంగా జారి పడ్డాడంటే నేను ఓడెక్కుతాను," అంది అమ్మాయి. "అమ్మ ఆస్పత్రిలో ఉంది, తనే వెళ్లమంది. ఆయన సర్దిన పెట్టెలు ఆ ఒడ్డుకు చేరడం నేను చూడాలి. ఎవరో పడేశారంటే మాత్రం... ఆ మనిషి పక్కనే తొంభై రోజులు అన్నం తినాలి కదండీ. నాలుగింటిలోగా నాకు చెప్పండి, చాలు."

డిటెక్టివ్ తల ఊపింది. నిన్న ఆయన ఏమైనా మామూలుకు భిన్నంగా మాట్లాడాడా అని అడిగింది.

అమ్మాయి సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. ఆస్పత్రికి ఆయన కళ్లజోడు తీసుకెళ్దామని సొరుగు లాగితే దొరికిందట. లోపల ఒంటికి రుద్దుకునే సబ్బు బిళ్ల. ఒక అంచంతా సన్నని గీతలు, జంట జంటగా, ఎవరో చిన్న ఉలితో చెక్కినట్టు. కవరు మీద మాస్టారి చేతిరాతలో పన్నెండు అని అంకె, కింద పొడి అక్షరాల్లో ఇంకో ముక్క.

"నిన్న భోజనాల దగ్గర నన్నడిగాడు, ఆ దీవిలో సబ్బు కొరికేది ఏముంటుందే అని. పక్షులకు పళ్లుండవు నాన్నా, అక్కడ పళ్లున్న ప్రాణులం మనమే అన్నాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. చెంచా కింద పెట్టేసి లేచాడు."

"ఈ సంగతి ఎవరికీ చెప్పకు," అంటూ డిటెక్టివ్ కవరును చేతిసంచిలో వేసుకుంది.

ఆ జాగ్రత్త తనకు కూడా వర్తిస్తుందని అప్పుడు ఆమెకు తట్టలేదు.

*

గిడ్డంగి గుమ్మంలోనే ఇన్‌స్పెక్టరు ఎదురయ్యాడు. డిటెక్టివ్‌కు ఆయన స్వయానా అక్క మొగుడు. ఇంట్లో ఆమె వండిన కూరకు వంకలు పెట్టడం, బయట ఆమె పట్టిన కేసుకు వంకలు పెట్టడం ఆయనకు ఇరవై ఏళ్లుగా అలవాటు.

"వచ్చావా మరదలా. జారిపడ్డ ముసలాయన దగ్గర కూడా హంతకుణ్ణి వెతుకుతావన్నమాట."

"నువ్వు వెతకలేదుగా బావా. ఎవరో ఒకరు వెతకాలి."

మంచు గదికి ముందు ఒక తెల్లని గది ఉంది. అక్కడ జేబులు తిరగేసి దులపాలి, బూటు అడుగులు బ్రష్షుతో రుద్ది మందు నీళ్లలో ముంచాలి. ఇన్‌స్పెక్టరు జేబులోంచి నాలుగు పొద్దుతిరుగుడు గింజలు రాలాయి. నిన్న కూడా ఇవి జేబులో వేసుకునే తిరిగావా అని ఆమె అడిగితే ఆయన గోడ మీది నిబంధనలు చదవడంలో మునిగిపోయాడు.

మంచు గది మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు. యాభై దాటినవాడు, పొట్టివాడు. అందరూ మంచన్న అంటారు. ఆ గది నడపడం పదకొండేళ్లుగా అతని పని. పోయిన వారం, తలుపు సరిగా వేయలేదని మాస్టారు అతన్ని పదిమందిలో చీవాట్లు పెట్టాడని ఇన్‌స్పెక్టరు ఆమె చెవిలో వేశాడు.

ఆమె ముందు గోడ మీది యంత్రం దగ్గరికి నడిచింది. లోపలి చలి ఎంతుందో కాగితం మీద గీత గీస్తూ పోయే యంత్రం అది. తలుపు తెరిస్తే గీత లేస్తుంది, మూస్తే దిగుతుంది. నిన్నటి కాగితం ఇంకా దానిలోనే ఉంది.

"రెండూ ముప్ఫయ్యారుకు ఒకసారి లేచింది," అంది వేలు పెట్టి. "మాస్టారు లోపలికెళ్లాడు. వెంటనే దిగింది. తలుపు వేసుకున్నాడు. మూడూ ఇరవైకి లేచింది, నువ్వు తెరిచావు. మరి మధ్యలో రెండూ నలభై తొమ్మిదికి రెండు నిమిషాల పాటు లేచిందే, అదెవరు మంచన్నా?"

తనకు తెలియదన్నాడు మంచన్న. ఇన్‌స్పెక్టరు దగ్గరికొచ్చి కాగితం మీదికి వంగాడు. మాస్టారే ఏదో పని మీద ఒకసారి బయటికొచ్చి మళ్లీ వెళ్లి ఉంటాడన్నాడు.

"రెండోసారి కూడా జాకెట్ లేకుండానా? వేసుకోలేదని నువ్వే రాశావుగా."

"వేసుకోలేదు. కొక్కేనికి వేలాడుతూ ఉందని డాక్టరే చెప్పాడు. చాదస్తపు మనిషి, ఒక్క నిమిషం పనే కదా అని వెళ్లాడు, జారాడు."

అక్కడ మంచన్న గొంతు సవరించుకున్నాడు. మూడూ ఇరవైకి తలుపు తీసి మనిషిని చూడగానే అతను చేసిన మొదటి పని, బయట కొక్కేనికున్న జాకెట్ లాగి మాస్టారికి కప్పడం. కప్పిన మరుక్షణమే తీసి నేల మీద విసిరికొట్టాడు. తన స్వెట్టరు విప్పి కప్పి, అప్పుడు కేక వేశాడు. ఎందుకని అడిగితే, అది చెమ్మతో తడిసి ఆయనకన్నా చల్లగా ఉంది గనక అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కాగితం వదిలి మంచన్న వైపు తిరిగాడు.

"బయట వేలాడిన జాకెట్ చెమ్మ పట్టి చల్లగా ఎలా ఉంటుంది బావా?" అంది ఆమె నెమ్మదిగా. "అది లోపలి నుంచి వచ్చింది. ఆయన ఒంటి మీది నుంచి. కొట్టి, జాకెట్ విప్పి, తెచ్చి కొక్కేనికి తగిలించారు."

తలుపు గొళ్లెం కన్నంలో కొత్త గీత ఒకటి తళతళలాడుతోంది. తలుపు తీసేటప్పుడు ఇక్కడ ఏమైనా అడ్డం వచ్చిందా అని ఆమె అడిగింది. ఏదో పుల్లలాంటిది ఇరుక్కుని ఉంటే పీకి పారేశానని, ఆ కంగారులో అది మరిచేపోయానని మంచన్న అన్నాడు. ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని అలమర కింద చెయ్యి పెట్టి వెతికింది. జానెడు పొడవున్న మేకు దొరికింది. గుడారం తాళ్లు నేలకు కొట్టే అల్యూమినియం మేకు.

మాస్టారు పడి ఉన్నది పదిహేడో పెట్టె పక్కన. దాని సీలు నంబరు రిజిస్టరులో రాసిన నంబరుతో కలవలేదు. ఆమె సీలు కోసి మూత ఎత్తింది. పదిహేడులో ఉండాల్సింది రేడియో. ఉన్నది మెత్తని గుడ్డలో చుట్టిన ఆరు రాళ్లు. తూకం వేయించింది. రిజిస్టరులో రాసిన బరువుకు సరిగ్గా సరిపోయింది.

ఇన్‌స్పెక్టరు రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో ఇప్పుడు వేరే వెలుగు వచ్చింది.

"సరే, జారి పడలేదు, ఒప్పుకున్నా. రేడియో దొంగతనం. ఈ గదికి తాళం ఎవరి దగ్గరుంది? మంచన్న దగ్గర. చీవాట్లు తిన్నదెవరు? మంచన్న. మనిషి దొరికాడని అరిచిందెవరు? మంచన్నే. పద నాయనా, స్టేషనుకు."

"ఒక్క నిమిషం. రాయి వాసన చూడు బావా."

"రాయి వాసన చూడాలా."

"చూడు."

చూశాడు. మందు నీళ్ల వాసన. ఆమె రాయిని దీపం కిందికి తెచ్చింది. ప్రతి గుంటలోనూ బ్రష్షు తిరిగిన గీతలున్నాయి. మట్టి రేణువు కూడా లేదు. బయట పెరట్లో ఇలాంటి రాళ్లే గుట్టగా పడున్నాయి, బురదతో, నాచుతో, గడ్డి వేళ్లతో.

"రేడియో ఎత్తుకెళ్లి అమ్ముకునేవాడు రాళ్లకు స్నానం చేయిస్తాడా? అడుగు, ఈ మనిషిని అడుగు, చేయించాడేమో. ఆరు రాళ్లు తోమడానికి అరగంట పడుతుంది. దొంగకు ఆ అరగంట దేనికి? ఈ పెట్టె ఆ దీవికి చేరుతుందని తెలిసినవాళ్లు చేశారిది. నేరం చేస్తూ కూడా, అక్కడికి ఒక్క గింజ చేరడం ఓర్చుకోలేని వాళ్లు. ఇది బృందంలో మనిషి పని."

"చదువుకున్నవాళ్ల మీద నీకెందుకమ్మా అంత కడుపుమంట," అన్నాడు ఇన్‌స్పెక్టరు. సాక్ష్యం తన వైపుందని, రాళ్లు తోముకోవడం ఏ చట్టంలోనూ నేరం కాదని అన్నాడు. మంచన్నను జీపు ఎక్కించాడు. ఎక్కుతూ మంచన్న వెనక్కి తిరిగి, తలుపు మూసే ఉంచమ్మా, చలి పోతుంది అన్నాడు.

పదకొండూ యాభై.

*

బృందానికి నాయకురాలు పక్షుల శాస్త్రవేత్త. యాభై అయిదేళ్ల మనిషి, ఎండకు కమిలిన ముఖం. అందరూ అక్క అని పిలుస్తారు. ఆఫీసు గది గిడ్డంగికి అవతల, పెరడు దాటితే వస్తుంది. బల్ల మీద దీవి పటం పరుచుకుని, గుడారాలు ఎక్కడ వేయాలో పెన్సిలుతో గుర్తులు పెడుతోంది. డిటెక్టివ్ వచ్చాక కూడా పెన్సిలు వదల్లేదు.

నిన్న రెండూ నలభై నాలుగు నుంచి రెండూ యాభై ఏడు దాకా ఓడ కెప్టెనుతో ఫోనులో ఉన్నానని చెప్పింది. కెప్టెను తన పుస్తకంలో రాసుకున్న టైము కూడా అదే. డిటెక్టివ్ ముందే కనుక్కుంది. తలుపు రెండోసారి తెరుచుకున్నప్పుడు ఈమె గొంతు ఓడలో వినిపిస్తోంది.

రేడియో పోయిన సంగతి చెబితే నాయకురాలు ఉలిక్కిపడలేదు. రెండోది పద్దెనిమిదో పెట్టెలో ఉందని, అది మొన్ననే ఓడెక్కిందని చెప్పింది. మాస్టారి పద్ధతి ఉన్నది ఇలాంటి రోజు కోసమే అంది.

"పద్దెనిమిదిని తెరిచి చూశారా?"

"సీలు తీస్తే మళ్లీ మంచు గదిలో పెట్టాలి. రెండు రోజులు. అంత టైము లేదు."

పోయినసారి యాత్ర గురించి డిటెక్టివ్ అడిగింది. నాలుగేళ్లయింది, పక్షులు బాగున్నాయి అంది. అంతలో బల్ల మీది చెయ్యి వెనక్కి తీసుకుంది. వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి, పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. మందు నీళ్లలో చాలాసేపు నానిన వేళ్లు. మా అందరి చేతులూ ఇంతేనండి, అని నాయకురాలే ముందుగా అంది.

నిజానికి అమ్మాయి చేతులు అలా లేవు.

డాక్టరు పక్క గదిలో మందుల పెట్టె సరిచూసుకుంటున్నాడు. నలభై ఏళ్లవాడు, కళ్లజోడు, నెమ్మదైన మాట. నాయకురాలితో పోయినసారి కూడా వెళ్లినవాడు ఈయనొక్కడే. ఎవరి మీద ఎవరికీ కోపాలు లేవన్నాడు. నిన్న రెండున్నర నుంచీ ఈ గదిలోనే ఒంటరిగా ఉన్నానని, మంచన్న కేక విని పరుగెత్తానని చెప్పాడు. పాపం మాస్టారు, జాకెట్ వేలాడుతుంటే వట్టి చొక్కాతో వెళ్లాడు అంటూ నిట్టూర్చాడు.

టైము పరుగెడుతోంది. డిటెక్టివ్ తొందరపడింది. సంచిలోంచి సబ్బు తీసి ఆయన ముందు పెట్టింది.

డాక్టరు దాన్ని ముట్టుకోలేదు. "గిడ్డంగిలో ఎలుకలుంటాయి కదండీ. ఎక్కడ దొరికింది?"

"మాస్టారి సొరుగులో. వాళ్లమ్మాయి ఇచ్చింది."

"అమ్మాయికి తెలుసా ఇది?" అన్నాడు. ఆ వెంటనే, పాపం నిన్నటి నుంచి నిద్ర లేదు, పడుకోవడానికి మాత్ర ఇస్తాను అన్నాడు.

*

రెండూ పదికి డిటెక్టివ్ మాస్టారి గదిలో, పాత యాత్ర రిజిస్టరు ముందు కూర్చుంది. బల్ల మీద గడియారం, సబ్బు, మేకు, రాయి. ఆస్పత్రికి ఫోను చేస్తే ఇంకా స్పృహ రాలేదన్నారు.

కవరు మీది పొడి అక్షరాలు ఇప్పటిదాకా ఆమెకు కొరుకుడు పడలేదు. రిజిస్టరు మొదటి పేజీలో మాస్టారు తన గుర్తులన్నిటికీ అర్థాలు రాసి పెట్టాడు. అది కూడా రెండు చోట్ల రాశాడు, ముందు పేజీలోనూ, చివరి పేజీలోనూ. అక్షరాలు పోల్చుకుంటూ చదివింది. దీవిలో వేసిన సీలు. నాలుగేళ్లుగా తెరవలేదు. తీసింది నిన్ననే, మంచు గది లోపల.

ఆమె సబ్బును దగ్గరికి లాక్కుంది.

తిరిగొచ్చే పెట్టెను దీవిలోనే సీలు చేస్తారు. మధ్యలో గిడ్డంగి ఎలుక దూరే దారి లేదు. మూత తీసింది మంచు గదిలో. అక్కడ ఎలుక బతకదు. అంటే సబ్బును కొరికింది ఆ దీవిలోనే. పళ్లున్న జంతువే లేని దీవిలో. పక్షులు నేల మీద గుడ్లు పెట్టే దీవిలో.

పేజీలు తిప్పింది. పోయిన యాత్ర, పెట్టె నంబరు పన్నెండు: తిండి సామాను, సబ్బులు, డాక్టరుది. గడి చివర ఎర్ర సిరాతో మాస్టారు రాసిన మాట: ఆలస్యంగా తెచ్చాడు. మంచు గదిలో పెట్టలేదు. నాయకురాలు సరేనంది.

ఒక్క పెట్టె. దాంట్లో దూరిన ఎలుకల జంటో, కడుపుతో ఉన్న ఒక ఎలుకో. మాస్టారి ఎర్ర సిరాను లెక్కచేయని ఇద్దరు మనుషులు.

ఆమె లేచేసరికి ఫోను మోగింది. ఇన్‌స్పెక్టరు. దొంగ దొరికాడు గనక ఓడ వెళ్లడానికి అభ్యంతరం లేదని ఒంటిగంటన్నరకే కాగితం ఇచ్చేశానని, నాయకురాలు అడిగితే కెప్టెను ఒక గంట ముందే కదులుతున్నాడని, ఇక నీ రాళ్లు నువ్వు దాచుకోవచ్చని చెప్పాడు.

"అమ్మాయి ఎక్కడుంది బావా?"

"ఓడెక్కింది. పెట్టెలు సరిచూడాలని డాక్టరు వచ్చి తీసుకెళ్లాడు. నాలుగింటికి గదా, దిగి వచ్చేస్తానందట."

రెండూ యాభై రెండు.

"రేవుకు రా. బతిమాలడం లేదు, చెబుతున్నాను," అంది.

*

ఆమె చేరేసరికి ఓడకూ గట్టుకూ మధ్య నీళ్లు వెడల్పవుతున్నాయి. తాళ్లు లాగేశారు. ఇన్‌స్పెక్టరు చేతులు అడ్డంగా ఊపుతున్నాడు. ఓడ మీద ఎవరో తిరిగి చేతులూపారు, వీడ్కోలు అనుకుని.

రేడియోలో ఆగమంటే ఇరుకు దారిలో ఓడను ఆపలేమని జవాబొచ్చింది. రేవు మొగ దాటేదాకా దారి చూపే పైలట్ ఓడలో ఉంటాడు. అతన్ని దింపుకోవడానికి ఒక మర పడవ ఓడ వెనకే వెళ్లాలి. ఆ పడవ అప్పుడే తాడు విప్పుకుంటోంది. డిటెక్టివ్ చెప్పులు చేత్తో పట్టుకుని అందులోకి దూకింది. ఇన్‌స్పెక్టరు ఒక క్షణం నీళ్ల వైపు చూసి, తన ఉద్యోగాన్ని తిట్టుకుని, దూకాడు.

పడవ శబ్దంలో ఆమె ఆయన చెవి దగ్గర అరిచి చెప్పింది. సబ్బు, పన్నెండో పెట్టె, వేళ్ల కొసలు. విన్నాడు.

"రాళ్లు తోమింది ఆవిడే సరే. కానీ తలుపు రెండోసారి తెరుచుకున్నప్పుడు ఆవిడ ఫోనులో ఉంది కదా."

"ఉంది. అందుకే అడుగుతున్నా. జాకెట్ కొక్కేనికి వేలాడుతోందని నీకు ఎవరు చెప్పారు?"

"చెప్పానుగా, డాక్టరు. కేక విని వచ్చినప్పుడు చూశానన్నాడు."

"మంచన్న దాన్ని అప్పటికే లాగి కప్పాడు. చల్లగా ఉందని విసిరికొట్టాడు. ఆ తరవాతే కేక వేశాడు. డాక్టరు వచ్చేసరికి జాకెట్ నేల మీదుంది. కొక్కేనికి ఉండగా చూసినవాళ్లు ఇద్దరే. తీసిన మంచన్న, తగిలించినవాడు."

ఇన్‌స్పెక్టరు ముఖం మీద నీళ్ల తుంపర పడింది. తుడుచుకోలేదు. "నాకు రెండుసార్లు చెప్పాడు ఆ మాట. రెండుసార్లూ రాసుకున్నాను," అన్నాడు.

"నాకూ చెప్పాడు. నేను ఇంకా ఘనకార్యం చేశాను. సబ్బు సంగతి అమ్మాయికి తెలుసని నా నోటితో నేనే చెప్పాను."

ఓడ పక్కన తాడు నిచ్చెన వేలాడుతోంది. ఆమె ముందు ఎక్కింది.

నాయకురాలు పై అంచున నిలబడి ఉంది, ఎవరైనా వస్తారని తెలిసినట్టే. డిటెక్టివ్ సంచిలోంచి రాయి తీసి ఆమె చేతిలో పెట్టింది. నాయకురాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, గుంటల్లో ఏమైనా మిగిలిందా అన్నట్టు.

"పద్దెనిమిదిలో కూడా రేడియో లేదు. అవునా?"

"లేదు." అంది నాయకురాలు. "ఎలుకల మందు ఉంది. దీవి మొత్తానికి సరిపడా. పోయినసారి ఆఖరి వారంలో చూశాను. గూళ్లలో పెంకులు, రెట్టలు. నోరు మూసుకున్నాను. నాలుగేళ్లు నిద్రపోలేదు. తొంభై రోజులు ఎవరూ అడ్డు రాకుండా ఉంటే ఒక్కటి కూడా మిగలకుండా చేసి, తిరిగొచ్చాక నేనే చెప్పేదాన్ని."

"ఆ తొంభై రోజుల్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఎవర్ని పిలిచేవారు?"

నాయకురాలు చేతిలోని రాయిని ఇంకోసారి తిప్పింది.

"మాస్టారు?"

"సబ్బు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. మిగతా పెట్టెలు కూడా విప్పి చూస్తానన్నాడు. డాక్టరు, తాను మాట్లాడి ఒప్పిస్తానన్నాడు. ఆ తరవాత... జారిపడ్డాడనే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను."

"అమ్మాయి ఎక్కడ?"

"తల తిరుగుతోందంటే మాత్ర ఇచ్చి తన గదిలో పడుకోబెట్టానని డాక్టరు..." అంటూ నాయకురాలు ఆగింది. డిటెక్టివ్ కళ్లలోకి చూసింది. చేతిలో రాయి జారి ఓడ నేల మీద పడి దొర్లింది.

అమ్మాయి గదిలో పక్క నలగలేదు. కిటికీ దగ్గర మొక్కల పుస్తకం, దాని మీద మాత్ర. మింగలేదు.

డాక్టరు మెట్ల దగ్గర ఎదురయ్యాడు. తలుపు మూసిన గదులన్నీ వెతుకుతున్నాం అని ఇన్‌స్పెక్టరు అంటే, తానూ సాయం వస్తానన్నాడు నెమ్మదిగా. ఆయన స్వెట్టరు భుజాల మీద నీటి చెమ్మ సన్నగా మెరుస్తోంది. చలిలోంచి వెచ్చదనంలోకి వచ్చిన బట్ట మీద పట్టే చెమ్మ.

"బావా, ఇతన్ని వదలకు," అని ఆమె మెట్లు దిగడం మొదలుపెట్టింది. వెనక పెనుగులాట, ఒక బూతు, కళ్లజోడు పగిలిన చప్పుడు. ఆగలేదు. అందరికీ రెండు జతలున్నాయి.

"నమూనాలు చల్లగా ఉంచే గది ఎక్కడ?" అని దారిలో కనిపించిన నావికుణ్ణి అడిగింది. అట్టడుగున, చివర అన్నాడు. ఆ గదిని తిరుగు ప్రయాణంలోనే వాడతాం, ఇప్పుడు ఖాళీ, మరి యంత్రం ఎవరు వేశారో అని తనలో తాను గొణుక్కున్నాడు.

ఇనుప నడవ. చివర తెల్లని తలుపు. పక్కన కొక్కేనికి ఆడపిల్ల వేసుకునే నీలం రంగు కోటు, నీటుగా తగిలించి ఉంది. గొళ్లెం కన్నంలో జానెడు పొడవున్న మేకు. అల్యూమినియం.

గుడారానికి మేకులు కూడా మాస్టారు రెండు సెట్లు పెట్టాడు.

ఆమె పరుగెత్తింది. మేకు మీద చెయ్యి వేసేసరికి చలికి వేళ్లు అంటుకున్నాయి. లాగింది. రాలేదు. కాలు తలుపుకు తన్నిపెట్టి, రెండు చేతులతో, ఒళ్లంతా వెనక్కి వేసి లాగింది.

అవతలి నుంచి ఎవరో తలుపును కొట్టారు. ఒకసారి. చాలాసేపు ఏమీ లేదు.

తరవాత, రెండోసారి.